యుద్ధ సీరియళ్లలో నగ్న, లైంగిక దృశ్యాలపై వినతిపత్రం

గౌరవనీయులైన దుర్గ్ జిల్లా కలెక్టర్ గారికి, వారి ద్వారా కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖకు, భిలాయి వైశాలి నగర్‌లోని తెలుగు కుటుంబాల విన్నపం. (హిందీ ప్రతి జతచేశాం.)

అయ్యా,

ఉక్కు కర్మాగారం పనులకని మా పెద్దలు ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మా ఇళ్లలో నాయనమ్మకు తెలుగు ఒక్కటే చదవడం వచ్చు. మనవలు తెలుగు మాట్లాడతారు గానీ చదివేది హిందీ, ఇంగ్లిషే. ఇద్దరూ కలిసి కూర్చునేది తెలుగు డబ్బింగ్ కార్యక్రమాల ముందే. ఈమధ్య ఒక ఇంట్లో ఓటీటీలో యుద్ధ సీరియల్ పెట్టారు. తెర మూలన చిన్న ఇంగ్లిష్ అక్షరాలు వచ్చాయి, పోయాయి. ట్యాంకులు కనిపించగానే పిల్లవాడు ముందుకు జరిగి కూర్చున్నాడు. పావుగంట తిరక్కుండా నగ్నత్వంతో పడకగది దృశ్యం. నాయనమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోడలు రిమోట్ కోసం దిండ్ల కింద వెతుకుతూనే ఉంది.

2021 ఐటీ నియమాల ప్రకారం ఓటీటీలో వయసు రేటింగు, అందుకు కారణం మొదట్లోనే ప్రస్ఫుటంగా చూపాలి. 13 ఏళ్లు, ఆపై రేటింగులకు పిల్లల లాక్ ఉండాలి. మా ఇళ్లలో ఆ హెచ్చరిక ఎవరికీ చేరడం లేదు. చదవగలిగిన పిల్లలకు దాన్ని పట్టించుకునే వయసు కాదు, పట్టించుకునే పెద్దలకు ఆ లిపి రాదు.

యుద్ధంలో ఆడవాళ్ల మీద జరిగే ఘోరాలను దాచమని మేము అడగడం లేదు. బాండిట్ క్వీన్ సినిమా కేసులో 1996లో సుప్రీంకోర్టు షిండ్లర్స్ లిస్ట్ సినిమాను ఉదాహరించింది. నాజీ శిబిరంలో నగ్నంగా నడిపించిన మనుషులను చూసినవారికి కలిగేది జాలి, భయం, సిగ్గు అని చెప్పింది. ఆ తీర్పును మేము మనసారా ఒప్పుకుంటున్నాం. అదే సినిమాను 1997లో అమెరికాలో ఎన్‌బీసీ టీవీ ప్రసారం చేసినప్పుడు పెద్దలకు మాత్రమేనన్న రేటింగు పెట్టింది. నిజాన్ని దాచలేదు, చూసేవారిని ముందే హెచ్చరించింది. మాకు కావలసింది అంతే.

కథకు అక్కరలేకపోయినా చూపరుల కోసం తగిలించే దృశ్యాల సంగతి వేరు. 2020లో ఏక్తా కపూర్ సంస్థ వెబ్ సిరీస్‌లో సైనికుడి భార్యను చూపిన తీరుపై కేసులు పడ్డాయి. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమెను గట్టిగా మందలించింది. సరిహద్దుకు కొడుకును పంపిన తల్లులు మా వీధుల్లోనూ ఉన్నారు. ఆ అవమానం వారికి ఎలా తగిలిందో మాకు తెలుసు.

కాబట్టి ఏ భాషలోకి డబ్ చేస్తే ఆ భాషలోనే, ప్రతి భాగానికి ముందు, గొంతుతో హెచ్చరిక వినిపించాలి. నగ్నత్వమా, శృంగారమా, అత్యాచారమా, రక్తపాతమా విడివిడిగా చెప్పాలి. అత్యాచారాన్ని 'శృంగార సన్నివేశాలు' అన్న మాట కింద కలిపేయడం మాకు అన్నిటికన్నా బాధాకరం.

పిల్లల లాక్ మొదటినుంచే వేసి ఉండాలి, పెద్దలు కావాలంటే తీసుకుంటారు. టీవీలో కుటుంబ సీరియళ్ల మధ్య వచ్చే ప్రోమోలకూ ఈ హెచ్చరిక నియమం వర్తించాలి. పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వారికి తగని కార్యక్రమాలు ప్రసారం చేయరాదని 1994 కేబుల్ నియమాల్లోనే ఉంది, దాన్ని ఈ జిల్లాలో అమలు చేయించండి.

కేబుల్ చట్టం కింద కలెక్టరుగా అధికారం మీకుంది. ఫిర్యాదు ఎక్కడ, ఎవరికి ఇవ్వాలో వార్డు కార్యాలయాల్లో బోర్డు పెట్టించండి. తెలుగులో రాసిన ఫిర్యాదునూ తీసుకోవాలని ఆదేశించండి. మంత్రిత్వ శాఖకు పంపిన లేఖ నకలు, తేదీతో సహా, మాకు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
వైశాలి నగర్ తెలుగు కుటుంబాలు,
భిలాయి