గ్రామసభ నోటీసు గురించి జిల్లా పంచాయతీ అధికారి గారికి

అయ్యా,

మొన్న మా ఊళ్లో గ్రామసభ జరిగిందట. మూడో రోజున టీ కొట్టు దగ్గర తెలిసింది. నోటీసు అంటించలేదని అనను. అంటించారు, పంచాయతీ ఆఫీసు తలుపుకు లోపలివైపు. తాళం తీస్తేగాని కనబడదు.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారైనా సభ పెట్టాలంటోంది. రిజిస్టరు చూస్తే మాకు ఆ లోటేమీ లేదు. అందులో మా పెద్దమ్మ వేలిముద్ర కూడా ఉంది. ఆమె వారం నుంచి కూతురింటి దగ్గరే ఉంది మరి!

నేను సభలో అడగాలనుకున్నది చెత్త షెడ్డు సంగతి. గోడ మీద తడి చెత్త, పొడి చెత్త అని చక్కగా రాయించారు. ఇప్పుడు తడి గదిలో ఎవరిదో వరిగడ్డి, పొడి గదిలో రెండు మేకలు. ట్రాక్టరేమో అంతా కలిపి చెరువు కట్ట వెనక గుమ్మరిస్తోంది. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి పల్లెలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి గదా. మా ఊరికి ఎంత వచ్చింది, దేనికి పోయింది?

ఖర్చు లేని పని ఒకటి చేయించండి. చెత్త ట్రాక్టరుకు మైకుంది, పొద్దున్నే పాటలు వేసుకుంటూ వస్తుంది. పాట మధ్యలో సభ తేదీ చెప్పించండి. సభ కూడా పదకొండు గంటలకు కాకుండా పొద్దుగూకాక పెట్టిస్తే నాట్లకు పోయిన ఆడవాళ్లు రాగలరు. కుర్చీలు అక్కర్లేదు, వేపచెట్టు కింద అరుగుంది.

ఇట్లు,
మీ జిల్లాలోని ఒక ఊరి ఓటరు