యంత్రం సాక్ష్యం చెబితే

ఇంజనీరు వృత్తిలో తలపండినవారెవరైనా ఒక మాట సందేహం లేకుండా చెబుతారు. పొరపాటుకు అతీతమైన కొలమానం ఈ లోకంలో లేదు. మన ప్లాంటులోని ప్రెషర్ గేజీని ఒకసారి దగ్గరగా చూడండి. దాని డయలు మీదనే ఒక చిన్న అంకె ఉంటుంది. అది 1 అయితే, పూర్తి స్కేలులో నూటికి ఒక వంతు అటో ఇటో తేడా ఉండవచ్చునని తయారుచేసినవారే ముందుగా ఒప్పుకున్నారన్నమాట. గడువు రాగానే దానిని విప్పి కాలిబ్రేషనుకు పంపుతాము. తిరిగి వచ్చినప్పుడు పరీక్షించినవారి సంతకమూ తేదీ చూసిన తరువాతనే బిగిస్తాము. ఒక గేజీ విషయంలో ఇంత జాగ్రత్త ఎరిగిన మనము, కంప్యూటరు అచ్చువేసిన కాగితం చేతికి రాగానే ఆ జాగ్రత్తనంతా గాలికి వదిలివేస్తాము. "కంప్యూటరే చెప్పింది కదా!" అన్న ఒక్క మాటతో వాదన ముగిసిపోతుంది.

విజ్ఞానశాస్త్రం, చట్టం, పత్రికలు ఈ ఒక్క మాట దగ్గర ఎట్లా ఢీకొన్నాయో ఈ నెల ముచ్చటించుకుందాము. అంతకు ముందు నేను నా తప్పొకటి ఒప్పుకోవలసి ఉన్నది.

అది 1996వ సంవత్సరం. నేను ఉద్యోగంలో చేరి నాలుగేండ్లయింది. అప్పట్లో నేనున్న యూనిట్‌లో స్టోర్సు లెక్కలను కొత్తగా కంప్యూటరుకు ఎక్కించారు. సంవత్సరాంతపు తనిఖీలో వెల్డింగు ఎలక్ట్రోడ్లు 40 ప్యాకెట్లు తక్కువ వచ్చాయి. స్టోర్‌కీపరుగా ఉన్న పెద్దాయన సరుకు బయటకు పోలేదని ఎంత మొత్తుకున్నా వినిపించుకున్న వారు లేరు. విచారణలో నన్ను పిలిచి, కంప్యూటరు లెక్క తప్పడానికి అవకాశం ఉన్నదా అని అడిగారు. కంప్యూటరు తెలిసిన కుర్రవాడినన్న పేరు నాకుండేది. "కూడికలూ తీసివేతలూ యంత్రం తప్పు చేయదండీ" అన్నాను. అక్షరాలా అది నిజమే. కాని వారడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆయనకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది.

ఏడు నెలల తరువాత పాత ప్రింటవుట్లు తిరగవేస్తుంటే అసలు సంగతి బయటపడింది. సరుకు వచ్చిన రోజున మధ్యలో కరెంటు పోయింది. ఎంట్రీ చేస్తున్న ఆపరేటరు, పని నిలిచిపోయిందనుకొని అదే రసీదును మళ్ళీ ఎక్కించాడు. కంప్యూటరు రెండింటినీ స్వీకరించింది. 40 ప్యాకెట్లు రావలసిన చోట 80 వచ్చినట్లు వ్రాసుకుంది. ఒకే రసీదు నంబరు రెండుసార్లు వస్తే అడ్డుకొమ్మని దానికి ఎవరూ చెప్పలేదు. కూడిక మాత్రం యంత్రం సరిగ్గానే చేసింది!

ఉత్తర్వులు రద్దయ్యాయి, బకాయిలు ఇచ్చారు. నేను వెళ్ళి క్షమించమన్నాను. ఆయన కోపగించుకోలేదు. "ర్యాకుకు వేలాడుతున్న బిన్ కార్డులో ఆ సరుకు ఒక్కసారే వ్రాసి ఉంది సార్. ఇరవై యేండ్లు ఆ కార్డులనే నమ్మారు. ఒక్కరూ తీసి చూడలేదు" అన్నారు. నేను కూడా చూడలేదు.

ఈ సంగతిని మళ్ళీ గుర్తుకు తెచ్చినది బ్రిటన్ దేశపు తపాలా సంస్థ వ్యవహారం. అదీ మన సంస్థ వలె ప్రభుత్వ యాజమాన్యంలోనిదే. అక్కడ వీధి చివరి దుకాణాలలో ఎందరో చిన్న వ్యాపారులు కాంట్రాక్టు మీద తపాలా శాఖలను నడుపుతారు. వీరిని సబ్‌పోస్ట్‌మాస్టర్లంటారు. 1999 నుండి ఈ శాఖలలో 'హొరైజన్' అనే కంప్యూటరు వ్యవస్థను ప్రవేశపెట్టారు. తరువాత ఫుజిట్సులో కలిసిపోయిన ఐసీఎల్ కంపెనీ దానిని తయారుచేసింది. అది వచ్చినప్పటి నుండి శాఖల లెక్కలలో లోటు కనిపించసాగింది. తమ బాధ్యతలోని లోటును పూడ్చవలసినది సబ్‌పోస్ట్‌మాస్టర్లేనని ఒప్పందం. కొందరు ఇండ్లు తాకట్టు పెట్టి కట్టారు. కట్టలేనివారి మీద దొంగతనం, తప్పుడు లెక్కల నేరాలు మోపారు. 1999, 2015 సంవత్సరాల మధ్య 900 మందికి పైగా దోషులయ్యారు. వారిలో సుమారు 700 మంది మీద కేసులు నడిపినది తపాలా సంస్థే.

ఆ వ్యవస్థలో ఎటువంటి లోపాలుండేవో ఒక ఉదాహరణ చెబుతాను. 2015లో స్కాట్లండులోని డాల్‌మెలింగ్టన్ శాఖలో 8,000 పౌండ్ల నగదు సంచి ఒకటి లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. తెర కదలక బిగుసుకుపోతే, పనిచేస్తున్నవారు మీటను మళ్ళీ మళ్ళీ నొక్కారు. నొక్కినప్పుడల్లా మరొక 8,000 వచ్చినట్లు యంత్రం వ్రాసుకుంది. చివరకు 24,000 పౌండ్లు లోటు తేలింది. ఇది చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి. పందొమ్మిదేండ్ల క్రితం నేను చూసిన ఎలక్ట్రోడ్ల ప్యాకెట్లే అవి, డబ్బు రూపంలో!

సీమా మిశ్రా అనే భారత సంతతి మహిళ సరే దేశభాగంలో ఒక శాఖ నడిపేవారు. ఆమె గర్భవతిగా ఉండగా, 2010 నవంబరులో, పెద్ద కుమారుని పదవ పుట్టినరోజు నాడు 15 నెలల జైలుశిక్ష విధించారు. ఆ తీర్పును కోర్టు కొట్టివేసింది 2021 ఏప్రిల్‌లో. మధ్య గడిచిన పదేండ్లకు పైబడిన కాలానికి వెల కట్టగల షరాబు ఎవరు?

ఇక చట్టం సంగతి. బ్రిటన్‌లో 1984 నాటి పోలీసు, నేరసాక్ష్య చట్టంలో 69వ సెక్షన్ ఉండేది. క్రిమినల్ కేసులో కంప్యూటరు కాగితాన్ని సాక్ష్యంగా పెట్టేవారు, ఆ కంప్యూటరు సరిగా పనిచేస్తున్నదని చూపవలసి ఉండేది. యంత్రాలు క్లిష్టమైపోయాయి, ఈ నిరూపణ భారమైపోయింది అన్న వాదనతో 1999 చట్టం ద్వారా దానిని తొలగించారు. 2000 నుండి ఊహ తలక్రిందులయింది. యంత్రం సరిగానే పనిచేస్తున్నదని మొదట అనుకోవాలి. కాదనేవాడు ఆధారం చూపాలి. ఆధారాలు ఎక్కడున్నాయి? కంప్యూటరు లోపలి చిట్టాలలో. అవి ఎవరి చేతిలో ఉన్నాయి? కేసు పెట్టినవారి చేతిలో, యంత్రం చేసినవారి చేతిలో. దుకాణదారు చేతిలో ఉన్నది ఖాళీ గల్లాపెట్టె మాత్రమే. శాఖల లెక్కలను తయారీ కంపెనీవారు దూరం నుండే మార్చగలరన్న సంగతిని కూడా తపాలా సంస్థ ఏండ్ల తరబడి కాదంటూ వచ్చింది. ఫిర్యాదు చేసిన ప్రతివారికీ "ఇట్లా జరిగింది మీ ఒక్కరికే" అన్న జవాబు వచ్చిందని బాధితులెందరో చెప్పారు. ఆ మాటలోని క్రూరత్వం ఆలోచించండి.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. అయితే ఆ నిలకడకు ఎవరో ఒకరు కాపలా కాయాలి. ఉద్యోగం పోగొట్టుకున్న అలన్ బేట్స్ తోటివారిని కూడగట్టారు. 2009 మే నెలలో 'కంప్యూటర్ వీక్లీ' అనే సాంకేతిక పత్రిక ఏడుగురి కథలను ప్రచురించింది. పెద్ద దినపత్రికలు చాలాకాలం దానిని పట్టించుకోలేదు. 555 మంది వేసిన దావాలో 2019 డిసెంబరున జస్టిస్ ఫ్రేజర్, హొరైజన్‌లో లోపాలున్నమాట నిజమని తీర్పు చెప్పారు. అయినా దేశం కదలలేదు. 2024 జనవరి మొదటి వారంలో ఈ కథను నాలుగు భాగాల నాటకంగా టెలివిజన్‌లో చూపినప్పుడు మాత్రం అంతా కదిలారు. కొద్ది రోజులకే ప్రధాని పార్లమెంటులో చట్టం తెస్తామన్నారు. మే నెలలో ఆ చట్టం వచ్చి వందలాది శిక్షలను ఒక్కసారిగా రద్దుచేసింది. 2025 జూలైలో వెలువడిన విచారణ నివేదిక తొలి సంపుటం, కనీసం 13 మంది ఈ కారణంగా ప్రాణాలు తీసుకొని ఉండవచ్చునన్నది.

నాటకం చేసిన మేలు గొప్పదే. కాని నాకు ముచ్చట గొలిపేది ఆ సాంకేతిక పత్రికే. కోర్టు తీర్పుకు పదేండ్ల ముందు, నటీనటులూ సంగీతమూ లేకుండా, ఏడుగురు చెప్పింది విని అచ్చువేసిందది.

మన దేశంలో ఏమి జరిగింది? బ్రిటన్‌లో ఆ రక్షణను తొలగించిన 2000 సంవత్సరంలోనే మనము దానిని చేర్చుకున్నాము. సమాచార సాంకేతిక చట్టం ద్వారా 1872 నాటి సాక్ష్య చట్టంలోకి 65-బి సెక్షన్ వచ్చింది. కంప్యూటరు నుండి తీసిన ప్రతిని కోర్టులో పెట్టేటప్పుడు, ఆ యంత్రం బాధ్యత చూసేవారు ధ్రువపత్రం ఇవ్వాలన్నది దాని సారాంశం. 2005లో సుప్రీంకోర్టు ఈ విషయంలో కొంత సడలింపు ఇచ్చినా, 2014లో అన్వర్ కేసులోనూ 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులోనూ ధ్రువపత్రం ఉండితీరాలని స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 63వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. ఇప్పుడు ధ్రువపత్రంలో రెండు భాగాలు. రెండవదాని మీద నిపుణుడు సంతకం చేయాలి. ప్రతికి సంబంధించిన 'హ్యాష్' విలువను కూడా వ్రాయాలి.

హ్యాష్ అంటే, ఫైలులోని సమాచారమంతటినీ లెక్కకట్టి తీసిన ఒక గుర్తు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మారిపోతుంది. కవరు మీది లక్కముద్ర వంటిదని అనుకోండి. ముద్ర చెదరలేదంటే కవరును ఎవరూ విప్పలేదని అర్థం. లోపలి ఉత్తరంలో వ్రాసినదంతా సత్యమని కాదు. 1996లో రెండుసార్లు ఎక్కిన ఆ రసీదుకు హ్యాష్ తీసి ఉంటే, అది ఆ తప్పును చెక్కుచెదరకుండా కాపాడి ఉండేది. న్యాయశాఖ మిత్రులు కొందరు ఈ ధ్రువపత్రం వట్టి తలనొప్పి అంటారు. నా అభిప్రాయం వేరు. అది గేజీకి ఉన్న కాలిబ్రేషను కాగితం వంటిది, ఉండవలసిందే. నా భయమల్లా, అది టైపు చేసి ఉంచిన ఫారంగా మారి, చదవకుండా సంతకం పడే కాగితాల కట్టలో చేరిపోతుందేమోననే. ఆ సంతకం ఎక్కువసార్లు చేయవలసి వచ్చేది మనవంటి వారమే సుమా!

సంతకానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలునని నా అనుభవం. ఈ అంకెను లోపలికి ఎక్కించినది ఎవరు? ఎక్కించిన తరువాత దానిని మార్చగలవారు ఎవరెవరు? ఈ యంత్రంతో సంబంధం లేకుండా, ఇదే సంగతి మరెక్కడైనా వ్రాసి ఉన్నదా? ఈ మూడవదే బిన్ కార్డు ప్రశ్న.

గృహిణులకూ విద్యార్థులకూ ఇందులో పనికివచ్చే మాటొకటి ఉన్నది. ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో తగ్గిందనుకోండి. "మెషీను తీసుకున్నట్లే చూపుతున్నది" అన్న జవాబు విని వెనుదిరగవద్దు. లావాదేవీ జరిగిన రోజు తరువాత 5 రోజులలోగా బ్యాంకు ఆ సొమ్మును తనంతట తానే తిరిగి జమచేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. యంత్రం తప్పు చేయగలదని ముందుగానే ఒప్పుకొని వ్రాసిన నిబంధన అది. కనుక ఏటీఎం ఇచ్చిన చీటీని పారవేయకండి. కరెంటు మీటరు రీడింగును నెలకొకసారి క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకోండి. అదే మీ ఇంటి బిన్ కార్డు.

గత నెలలో ఒక ధ్రువపత్రం నా బల్ల మీదికి వచ్చింది. ఒక కాంట్రాక్టు కార్మికుని హాజరు విషయం. గేటు దగ్గరి వేలిముద్రల యంత్రం అతడు తొమ్మిది రోజులు రాలేదంటున్నది. సాయంత్రంలోగా సంతకం కావాలన్నారు. రెండు రోజులు గడువు అడిగి, షిఫ్టు ఇన్‌చార్జి లాగ్‌బుక్కు తెప్పించాను. తొమ్మిదింటిలో ఆరు రోజులు అతని పేరు అందులో ఉన్నది. సిమెంటు పనితో అరిగిన వేళ్ళను యంత్రం గుర్తుపట్టలేదు.

పని ఆలస్యమైందని ఒకరిద్దరు విసుక్కున్నారు. ముప్పై యేండ్ల నాడు నేను అట్లా ఆలస్యం చేసి ఉంటే ఎంత బాగుండేదో వారికి తెలియదు.