కాగితానికి సూది గుచ్చే ముందు



మెసైమీర్‌లో శుక్రవారం పొద్దున మా చుట్టుపక్కల వీధులన్నీ చర్చిలకు వెళ్ళే కార్లతో నిండిపోతాయి. ఆ పూట నేను ఇల్లు కదలను. బల్ల మీద గుడ్డలు, కాగితాలు పరుచుకుని కూర్చుంటాను.

ఈసారి బల్ల మీద మా అవ్వ నూలు చీర ముక్క ఉంది. పక్కన వాళ్ళ నాన్న విడుదల పత్రం ఉంది. చెరకు తోటలో ఒప్పందం ముగిశాక ఆయన చేతికిచ్చిన కాగితం అది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నటాల్‌కు వచ్చిన మనవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో నంబరు వేశారు. ఓడ జాబితాలో ఆ నంబరు పక్కనే పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు ఉంటాయి. మన ఇళ్ళలో ఆ నంబరు తెలిసినవాళ్ళు ఉన్నారు.

ఈ రెండింటినీ కలిపి గోడకు వేలాడదీసే బొమ్మ ఒకటి చేయాలని నా ఆశ. డర్బన్‌లో ఉన్న మా అక్క, "అసలు కాగితమే కుట్టు, నకలులో ఆయన చెయ్యి తగిలిందా?" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది.

ముందు ఒక నకలు తీసి మిషన్ మీద కుట్టి చూశాను. కుట్లు దగ్గర దగ్గరగా పడ్డాయి. పోస్టల్ స్టాంపుల షీటులాగా కాగితం ఆ గీత వెంటే చిరిగిపోయింది. కుట్టు విప్పితే గుడ్డలో రంధ్రాలు గోటితో రుద్దగానే మూసుకున్నాయి. కాగితంలో మూసుకోలేదు. అప్పుడే తేల్చుకున్నాను, అసలు పత్రానికి సూది తగలకూడదు.

మీరూ చేయాలనుకుంటే నేను నేర్చుకున్నది చెబుతాను. నకలు లేజర్ ప్రింటరు మీద తీయండి. ఇంక్‌జెట్ సిరా తడికి పాకుతుంది. నూలు గుజ్జుతో చేసిన చేతి కాగితమైతే మంచిది. పల్చని మైదా జిగురుతో దాని వెనక మెత్తని నూలు గుడ్డ అంటించి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత చేత్తో, నాలుగు మిల్లీమీటర్లకు ఒక కుట్టు చొప్పున వేయండి. పాత వార్తాపత్రికలు వాడకండి, వాటి పసుపు చీరకు అంటుతుంది.

గుడ్డకు ఇలా బలం ఇవ్వడం మనవాళ్ళకు కొత్త కాదు. తెలంగాణలో చేర్యాల చిత్రకారులు ఖాదీకి గంజి, తెల్ల సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూసి, ఆరాక దాని మీద కథలు గీస్తారు.

నంబరును అవ్వ చీర దారంతోనే కుట్టాను. దాని కింద ఆయన పేరు తెలుగులో కుట్టాను. ఆ జాబితా రాసిన గుమాస్తా ఇంగ్లీషులో తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు. గుడిలో నేర్చుకున్న అక్షరాలతో నేను దాన్ని సరిగ్గా రాశాను.

ఫోటో చూసి అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అసలుది జాగ్రత్తగా పెట్టు" అంది.