మీటరు ఎవరి పేరున ఉంది?

"వీళ్లంతా టాక్సు ఎగ్గొట్టడానికే రిజిస్టర్ చేసుకోరండీ." ఈ మధ్య ఒక సెమినార్‌లో, చిన్న వ్యాపారాల మీద మాట్లాడుతూ ఒక పెద్దమనిషి తేల్చేసిన మాట ఇది. నాకు గుంటూరులో మా పిన్ని గుర్తొచ్చింది.

ఏటా ఎండలు ముదరగానే పిన్ని మిరపకాయలు కొని, తొడిమలు తీసి, డాబా మీద ఎండబెట్టి కారం పట్టిస్తుంది. పచ్చళ్లు పెడుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి ఖర్చులో సగం ఆ డబ్బే. బాబాయిని అడిగితే మాత్రం, "మీ పిన్నికి ఊరికే కూర్చోవడం చేతకాదమ్మా, ఏదో కాలక్షేపం" అంటాడు.

టాక్సు సంగతే చూద్దాం. 2019 నుంచి మన రాష్ట్రంలో సరుకులు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పిన్ని అమ్మకం ఆ దరిదాపుల్లో లేదు. ఇక ఎగ్గొట్టేదేమిటి? కానీ పక్క రాష్ట్రానికి అమ్మితే ఈ మినహాయింపు వర్తించదు. 2014 దాకా గుంటూరుకీ హైదరాబాదుకీ మధ్య లేని సరిహద్దు అది. ఆ సంగతి తెలిశాక పిన్ని హైదరాబాదు ఆర్డర్లు మానేసింది.

రిజిస్టర్ చేసుకోవచ్చుగా అంటారు. వ్యాపారం జరిగే చోటుకి రుజువు కావాలి. ఇల్లు బాబాయి పేరున, కరెంటు మీటరు బాబాయి పేరున. "కాలక్షేపానికి" ఆయన అంగీకారపత్రం రాసివ్వాలి. పిన్ని పేరున ఉన్నది డ్వాక్రా గ్రూపు అప్పు ఒక్కటే. అప్పుకి పనికొచ్చిన పేరు ఆస్తికి పనికిరాలేదు.

ఇది కొత్త కథ కాదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో మరియా మీస్ రాసిన పుస్తకం చెప్పిందీ ఇదే. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్నా, లోకం దృష్టిలో వాళ్లు ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణులే. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో కిలోల లెక్కన తొడిమలు తీసే ఆడవాళ్లని చూడండి. ఎగుమతయ్యే కాయకి బిల్లు ఉంటుంది. మంటలు పుట్టే ఆ చేతులకి ఏ కాగితమూ ఉండదు. లెక్కల్లో ఉన్న వ్యాపారం లెక్కల్లో లేని ఈ శ్రమ మీదే నిలబడింది. అలాంటప్పుడు ఎగ్గొడుతున్నది ఎవరు?

నమోదు వద్దని నేననడం లేదు. తినే సరుకుకి తనిఖీ ఉండాలి. బ్యాంకు అప్పుకీ కాగితం కావాలి. పాన్, జీఎస్టీ లేనివాళ్లనీ నమోదు చేయడానికి 2023లో ఉద్యమ్ అసిస్ట్ వచ్చింది. మంచిదే. కానీ ఆ సర్టిఫికెట్ మీటరు మీద పేరు మార్చదు, పని చేసే చోటు మీద హక్కు ఇవ్వదు.

రిజిస్టర్ చేసుకోమని పిన్నికి చెప్పడానికి అందరూ ఉన్నారు. ఇంట్లో సగం ఆమె పేరున రాయమని బాబాయికి చెప్పేదెవరు?