గాజు సీసా అడిగేవాడి నాలుక

మే నెలలో రామగుండంలో ఎండ 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. అలాంటి మధ్యాహ్నం షిఫ్టు దిగిన సింగరేణి బొగ్గుగని కార్మికుడు గోదావరిఖనిలో "గాజు సీసా థమ్సప్ ఉందా?" అని అడిగితే దాన్ని పాతకాలపు మోజని కొట్టిపారేయడం తప్పు. లోపలి పానీయం ఒకటే అయినా, దాన్ని పట్టి ఉంచే గోడలు వేరు. గాజు గుండా కార్బన్ డయాక్సైడ్ పోదు, గాజు రుచి పానీయానికి అంటదు. పెట్ ప్లాస్టిక్ గుండా మాత్రం మూత ఎంత బిగుతుగా ఉన్నా గ్యాస్ కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటుంది. వేడి తగిలితే ఆ వేగం పెరుగుతుంది. చిన్న సీసాలో ఉన్న పానీయం పరిమాణంతో పోలిస్తే గోడల వైశాల్యం ఎక్కువ, అందుకే అది రెండు లీటర్ల సీసాకంటే ముందే చప్పబడుతుంది. నాలుకను పొడిచే ఆ ఘాటు గ్యాస్‌దే. అది తగ్గితే మిగిలేది వట్టి తీపి. అల్యూమినియం డబ్బా గ్యాస్‌ను బాగానే ఆపుతుంది, లోహం రుచి దిగకుండా దానికి లోపల పలుచటి పాలిమర్ పూత వేస్తారు. ఇక 1870లలో ఇంగ్లండ్‌కు చెందిన హైరమ్ కాడ్ పేటెంట్ పొందిన గోలీ సోడా సీసా పనితనం మరీ ముచ్చటైనది: లోపలి గ్యాస్ ఒత్తిడే గోలీని మూతికి నొక్కిపెట్టి తన దారి తానే మూసుకుంటుంది. కాబట్టి ఈ బొగ్గు పట్టణాల్లో దుకాణదారులు ప్లాస్టిక్ సీసాల కేసులను ఎండలో పేర్చడం మానాలి. కంపెనీలు కూడా, వాపసు తీసుకునే గాజు సీసాలను కనీసం వేసవి నాలుగు నెలలైనా ఇక్కడికి పుష్కలంగా పంపాలి.