హోటళ్ల నిర్మాణం – నియమపాలన ఆవశ్యకత

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరకే అనలేదు. కట్టడం పూర్తయ్యే నాటికి గృహస్థు ఎదుర్కొనే చిక్కులు అన్నీ ఇన్నీ కావు. ఇక పదిమంది వచ్చి కూర్చుని భుజించే హోటలును కట్టదలచిన వానికి ఆ చిక్కులు పదింతలు. ఒక కార్యాలయం తరువాత మరొక కార్యాలయం, ఒక దరఖాస్తు తరువాత మరొక దరఖాస్తు! ఇందువల్లనే కాబోలు, కట్టడపు నియమాలనగానే అవి వ్యాపారిని పీడించడానికి సర్కారు పన్నిన వల అన్న అభిప్రాయం జనసామాన్యంలో పాతుకొనిపోయింది. ఈ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. మన ప్రాంతంలో బస చేసే వసతి ఉన్నా లేకున్నా, చాయ్, బిర్యానీ దొరికే ప్రతి చోటినీ "హోటలు" అనే అంటాము. ఇక్కడ ఆ మాటను మేము అదే అర్థంలో వాడుతున్నాము. మన కళాశాల విద్యార్థులలో ఎందరో ఈ వృత్తితో సంబంధం గల కుటుంబాల నుండి వచ్చినవారే. కొందరి తండ్రులు గల్లా వద్ద కూర్చుంటే, మరికొందరి తండ్రులు, అన్నలు భట్టీ వద్ద చెమటోడుస్తున్నారు. కనుక ఇది మనకు పరాయి విషయం కాదు.

నియమాలంటే ఏవి? మన దేశానికంతటికీ ఆదర్శప్రాయంగా ఉండే జాతీయ భవన నిర్మాణ స్మృతి మొదట 1970లో వెలువడింది. 1983, 2005, 2016 సంవత్సరాలలో దానిని సవరించారు. అది స్వయంగా చట్టం కాదు. రాష్ట్రాలూ, పురపాలక సంస్థలూ తమ నియమావళిలో దానిని చేర్చుకొన్నప్పుడే దానికి కట్టుబడవలసిన బలం వస్తుంది. మన వైపు 2012 ఏప్రిల్ 7న 168వ జీవోగా వెలువడిన భవన నిర్మాణ నియమావళిని రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా అనుసరిస్తూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరొక నియమావళిని చేసుకొన్నది. వీటికి తోడు 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఉన్నాయి. కట్టడం నిలకడను ఒకటి చూస్తే, నిప్పు నుండి రక్షణను మరొకటి, వంటశాల శుభ్రతను ఇంకొకటి చూస్తుంది.

ఈ నియమాలను కాగితంపై చదివితే శుష్కంగా తోచవచ్చు. కాని ఒక్కొక్క దాని వెనుక కారణం తెలుసుకొంటే వాటి విలువ బోధపడుతుంది. 50 మంది లేక అంతకు మించి జనం చేరే భోజనశాలను జాతీయ స్మృతి సభాభవనాల తరగతిలో చేర్చింది. అంటే దానిని సినిమాశాల వంటి కట్టడంగానే భావించాలన్నమాట. అట్టి చోట బయటికి పోయే ద్వారం వెడల్పు 2 మీటర్లకు తగ్గరాదు. తలుపులు వెలుపలికి తెరుచుకోవాలి. తాళం చెవి అవసరం లేకుండా లోపలి నుండి తీయగలగాలి. కూర్చున్న చోటి నుండి బయటిదారికి నడవవలసిన దూరం 30 మీటర్లు మించరాదు. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించక, అడుగు పెట్టే వెడల్పు 30 సెంటీమీటర్లకు తగ్గక ఉండాలి. ఎందుకీ కొలతలు? భయపడిన జనసమూహం ముందుకు తోసుకొని వస్తుందే గాని వెనుకకు జరగదు. లోపలికి తెరుచుకొనే తలుపును ముందున్నవాడు తీయాలన్నా, వెనుక నుండి వచ్చే ఒత్తిడి వానిని తీయనీయదు. మెట్టు ఎత్తు ఎక్కువైనా, అడుగుకు చోటు తక్కువైనా పొగలో ఒకడు తడబడతాడు. వానిపై పదిమంది పడతారు.

ఇది ఊహ కాదు. 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే విందుశాలలో నిప్పు చెలరేగి 492 మంది మరణించారు. సుమారు 460 మందికి మాత్రమే అనుమతి ఉన్న ఆ శాలలో ఆ రాత్రి దాదాపు వేయిమంది ఉన్నారు. ప్రధాన ద్వారం గుండ్రంగా తిరిగే తలుపు కావడం వల్ల జనం ఒత్తిడికి అది బిగుసుకుపోయింది. తక్కిన ద్వారాలలో కొన్నింటికి తాళాలు, కొన్ని లోపలికి తెరుచుకొనేవి. గోడలకు, పైకప్పుకు కట్టిన గుడ్డల అలంకారాలు క్షణాలలో అంటుకొన్నాయి. ఆ దుర్ఘటనకు 8 రోజుల ముందే ఒక తనిఖీ అధికారి వచ్చి అంతా సవ్యంగా ఉన్నదని వ్రాసి వెళ్లాడు! తిరిగే తలుపు ప్రక్కన వెలుపలికి తెరుచుకొనే మామూలు తలుపు తప్పక ఉండాలన్న నియమం ఆ చితాభస్మం నుండి పుట్టినదే. నియమాలు గుమాస్తా కలం నుండి పుట్టలేదనీ, ప్రాణనష్టం నుండి పుట్టాయనీ విద్యార్థులు గ్రహించాలి.

క్రొత్త కట్టడం కంటె పాత కట్టడానికి చేసే మార్పులలోనే అపాయం ఎక్కువ పొంచి ఉంటుందని మా అభిప్రాయం. హైదరాబాదులోని పాత ఇరానీ హోటలును ఒకమారు తలచుకొనండి. రెండు వీధులు కలిసే మూలన, రెండు వైపులా బార్లా తెరచిన ద్వారాలు, ఎత్తైన పైకప్పు, గాలి ధారాళంగా ఆడే గది. ఏ స్మృతినీ చదవకుండానే ఆనాటివారు దానిలోని మూల సూత్రాన్ని పాటించారు. పొగ పైకి పోతుంది, మనిషి ప్రక్కకు పోగలడు. ఇప్పుడు అదే హోటలును "నవీకరిస్తున్నారు". శీతల యంత్రం పెట్టాలి గనుక ద్వారాలన్నీ మూసి ఒక్క అద్దపు తలుపును మిగులుస్తారు. పైకప్పుకు దిగువన మరొక అలంకారపు కప్పు దింపి, దాని వెనుక విద్యుత్తు తీగలను దాచుతారు. మేడపై కుటుంబాల గది అని చెప్పి సన్నని మెలికల మెట్లు వేస్తారు. బిల్లు చెల్లించకుండా ఎవరైనా జారుకుంటారేమోనని వెనుక తలుపుకు తాళం వేస్తారు. పునాది అదే, గోడలు అవే, పేరు అదే. కాని అది ఇక ఆ కట్టడం కాదు.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాశాలలో 59 మంది మరణించిన ఉదంతం దీనికి తిరుగులేని దృష్టాంతం. బాల్కనీలో అదనపు కుర్చీల కోసం కుడివైపు నడవను మూసివేశారు. నాలుగు టిక్కెట్లు ఎక్కువ అమ్ముకొనడానికి చేసిన మార్పు అది. పొగ కమ్మిన వేళ ఆ నడవ ఉండవలసిన చోట కుర్చీలు ఉన్నాయి. హోటలులో మెట్ల క్రింద సరుకు మూటలు పెట్టేవారు, నడవలో రెండు బల్లలు ఎక్కువ వేసేవారు ఈ ఉదంతాన్ని మరువరాదు. సికింద్రాబాదులో 2022 సెప్టెంబరు 12న ఒక హోటలు భవనం క్రింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో నిప్పు పుట్టగా, పొగ పైకి ఎగబ్రాకి 8 మంది ప్రాణాలు తీసింది. వాహనాలు నిలుపుకొనవలసిన సెల్లారులను గోదాములుగా, దుకాణాలుగా మార్చడం ఎంతటి అపాయకరమో దీనిని బట్టి తెలియడం లేదా?

ఇక వంటశాల. కట్టడపు నియమాలనగానే మనం భోజనానికి వచ్చే అతిథినే తలచుకుంటాము. కాని అతిథి ఉండేది అరగంట. బావర్చీ పొద్దు పొడుపు నుండి అర్ధరాత్రి వరకు అక్కడే ఉంటాడు. 2025 డిసెంబరులో గోవాలోని అర్పోరాలో ఒక రాత్రి విందుశాల తగులబడి 25 మంది మరణించగా, వారిలో అధికులు అక్కడ పనిచేసేవారే. ముందు గది చలువరాళ్లతో మెరుస్తుండగా వెనుక వంటగదికి కిటికీ కూడా లేని హోటళ్లు మన పట్టణాలలో ఎన్ని లేవు! వంటగదికి దాని బయటిదారి దానికి ఉండాలి. వంటగ్యాసు గాలి కంటె బరువైనది. లీకైన గ్యాసు పైకి పోక నేలబారున ప్రాకి పల్లానికి చేరుతుంది. అందువల్ల సిలిండర్లను సెల్లారులో గాని, మెట్ల క్రింద గాని ఉంచరాదు. గాలి తగిలే చోట, నేలమట్టానికి పైన ఉంచాలి. పొగగొట్టంలో పేరుకొన్న జిడ్డు నిప్పురవ్వకు ఒత్తివలె అంటుకొంటుంది గనుక దానిని తరచు శుభ్రపరచాలి. మరిగే నూనె అంటుకొన్నప్పుడు నీరు పోస్తే ఆ నీరు క్షణంలో ఆవిరియై మండే నూనెను నలుదిక్కులా చిమ్ముతుంది. ఈ పాటి విషయం భట్టీ వద్ద నిలిచే ప్రతి కుర్రవానికీ తెలియాలి. శౌచాలయం తలుపు నేరుగా వంటగదిలోకి తెరుచుకొనరాదన్న నియమం కూడా ఇట్టిదే. దాని కారణాన్ని వివరించనక్కర లేదు.

అంగవైకల్యం గలవారి విషయం వేరుగా చెప్పవలసి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజలకు తెరచి ఉంచిన కట్టడాలు వారికి కూడా అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. చక్రాల కుర్చీ ఎక్కడానికి ఒక పాలు ఎత్తుకు పన్నెండు పాళ్ల పొడవుతో వాలుదారి వేస్తే చాలు. వీధి మట్టానికి రెండు మెట్లు ఎత్తున్న హోటలుకు ఇది పెద్ద ఖర్చు కాదు. అతిథి మర్యాదకు పేరు పొందిన నగరంలో నడవలేని అతిథిని గుమ్మం వద్దనే ఆపివేయడం మర్యాద ఎట్లు అవుతుంది?

ఈ వాదనకు ఎదురు వాదన లేకపోలేదు. చిన్న హోటలు యజమాని ఇన్ని ఖర్చులు భరించగలడా అని అడుగుతారు. అద్దె కట్టడంలో ఉన్నవాడు గోడ పగులగొట్టి ద్వారం పెట్టగలడా అని అడుగుతారు. నియమాలు పెరిగిన కొద్దీ ముడుపులు పెరుగుతాయని కూడా అంటారు. ఈ ప్రశ్నలను త్రోసిపుచ్చడం న్యాయం కాదు. 168వ జీవో ప్రకారం సభాభవనాలలో 500 చదరపు మీటర్ల స్థలం గలవి గాని, 6 మీటర్ల ఎత్తు మించినవి గాని అగ్నిమాపక శాఖ ముందస్తు అనుమతి పొందాలి. అంతకు లోబడిన చిన్న హోటలుకు ఆ అనుమతి బాధ లేదు. కాని నిప్పుకు ఈ హద్దు తెలియదు. 100 గజాల హోటలులోనూ అదే గ్యాసు, అదే నూనె, అదే భట్టీ. కావున అనుమతి అక్కరలేని చోట సైతం జాగ్రత్త అక్కర ఉన్నదని మా మనవి. మరొక సంగతి, అత్యవసరమైన జాగ్రత్తలు చాలావరకు ఖర్చు లేనివే. తలుపు బందులను మార్చి వెలుపలికి తెరుచుకొనేటట్లు చేయడానికి వడ్రంగికి ఒక పూట పని. నడవను ఖాళీగా ఉంచడానికి పైసా అక్కరలేదు. వెనుక తలుపు తాళం తీయడానికీ అంతే. అద్దె కట్టడం విషయంలో మాత్రం భారమంతా అద్దెదారుపై వేయక, ద్వారాలు, మెట్లు, విద్యుత్తు తీగల బాధ్యత కట్టడం యజమానిదని ఒప్పందంలోనే వ్రాసుకొనాలి.

ముడుపుల మాట నిజమే. అయితే దానికి మందు నియమాలను ఎత్తివేయడం కాదు. నియమం రహస్యంగా ఉన్నంతకాలమే దానిని అమ్ముకొనే అవకాశం ఉంటుంది. పదిమందికీ తెలిసిన నియమాన్ని ఎవడూ అమ్ముకొనలేడు. మరొక ప్రమాదకరమైన ఆశ్రయం క్రమబద్ధీకరణ. 2007లోను, మరల 2015లోను అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకాలు వచ్చాయి. వాటిపై ఆధారపడి ఎందరో మధ్యతరగతివారు ఊపిరి పీల్చుకున్న మాట వాస్తవమే. కాని జరిమానా కాగితంపై ఉన్న తప్పును చెరిపివేయగలదు గాని, ఇరుకు మెట్లను ఒక్క అంగుళం కూడా వెడల్పు చేయలేదు. రుసుము చెల్లించిన రసీదును చూసి పొగ వెనుకకు మరలదు.

కాగా అసలైన లోపం ఒకటి మిగిలి ఉంది. 2016 నాటి జాతీయ స్మృతి ఆంగ్లంలో రెండు పెద్ద సంపుటాలుగా వెలువడింది. హోటలు కట్టే మేస్త్రీ తెలుగు మాట్లాడతాడు. నడిపే యజమాని, వండే బావర్చీ పెక్కు చోట్ల ఉర్దూ మాట్లాడతారు. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూకు రెండవ అధికార భాషగా గుర్తింపు లభించింది. భాషకు గౌరవం ముషాయిరాలలో, సభలలో మాత్రమే దక్కితే చాలదు. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన నియమం అతని భాషలో అతని గోడపై కనిపించినప్పుడే ఆ గౌరవం సార్థకమవుతుంది. రంజాను మాసంలో హోటళ్ల ముంగిట ఇటుకలతో హలీము భట్టీలు కట్టి గంటల తరబడి మంట పెడతారు. అక్కడ అవసరమైన జాగ్రత్తలు పది వాక్యాలకు మించవు. ఆ పది వాక్యాలు రెండు భాషలలో అచ్చువేసి పంచడానికి ఎవరు అడ్డు?

ఈ పనిని మన కళాశాల చేయగలదు. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి, కట్టడపు విషయం తెలిసిన ఒక ఇంజనీరు సలహాతో ఒక చిన్న కరపత్రాన్ని తయారు చేయవచ్చును. కార్యవర్గంవారు అచ్చు ఖర్చును భరించి ప్రోత్సహించాలని మా ప్రార్థన. విద్యార్థులు తమ తమ వీధులలోని హోటళ్లకు దానిని అందజేయాలి. అందజేయడమే కాదు, వెనుక తలుపు తెరచి ఉన్నదో లేదో, సిలిండరు ఎక్కడ ఉన్నదో మర్యాదగా విచారించాలి. అయితే అన్యులకు చెప్పబోయే ముందు మన ఇంటిని మనం చక్కదిద్దుకొనడం ధర్మం గనుక, ఈ పరిశీలన మన కళాశాల ఫలాహారశాలతోనే ప్రారంభం కావాలి. అక్కడి ద్వారం ఎటు తెరుచుకొంటుందో కార్యవర్గంవారు, విద్యార్థులు కలిసి ఒక్కసారి చూడాలని కోరుతున్నాము.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. అన్నం పెట్టే చేయి చల్లగా ఉండాలని మనం దీవిస్తాము. ఆ చేతికీ, ఆ అన్నం తినడానికి వచ్చిన వారికీ సురక్షితమైన కప్పు, తెరచిన దారి కల్పించడం ఆ దీవెనలో భాగమే అని మేము విశ్వసిస్తున్నాము.