మడమ పగుళ్లు అందం పద్దులోవా?

కళ్యాణదుర్గంలో నాకు మందుల షాపు ఉంది. చెనిక్కాయ పెరికే రోజులు మొదలైతే కూలికి పోయే ఆడవాళ్లు వరసగా వస్తారు. "అన్నా, కాళ్లు పగిలినాయి, ఏమన్నా ఇయ్యి" అంటారు. మనమేమో ఆ బాధను క్రీములు, పౌడర్ల సరసన అందం పద్దులో రాసేస్తాం. నెత్తురొచ్చే మడమతో రాళ్ల చేలో నడిచే మనిషికి అందం గొడవ ఏముంటుంది? ఆమెకు షుగరు కూడా ఉంటే ఆ చీలిక పుండై కాలికే ముప్పు.

చర్మం పైపొర అంటే చచ్చిన కణాల వరసలు. వాటి సందుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు పొరలు పొరలుగా సర్దుకుని ఉంటాయి. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపేది ముఖ్యంగా ఈ కొవ్వులే. కొవ్వు ఎంతుందన్న దానితో పాటు ఎలా సర్దుకుందన్నదీ లెక్కే. ఈ కొవ్వు అణువుల పొడవాటి తోకలు నిటారుగా, దగ్గరగా ఉంటే నీటికి దారి దొరకదు. ఓలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం తోక మాత్రం మధ్యలో వంగి ఉంటుంది. కట్టెల మోపులో వంకర కొమ్మ పెడితే మోపు బిగియదు కదా, ఇక్కడా అంతే. సందులు పడతాయి, నీరు పోతుంది.

అరికాలికి తైల గ్రంథులే లేవు. దానికితోడు మన ఎండుగాలి. ఆపైన బట్టల సబ్బుతో కాళ్లు రుద్దడం. సబ్బు క్షారం ఉన్న కొవ్వునూ లాగేస్తుంది. నీరు పోయి గట్టిపడ్డ మందపు తోలు, ఒంటి బరువు పడగానే చీలుతుంది.

మరి చెనిక్కాయ నూనె రాస్తే? చాలామంది అడుగుతారు. ముందు తినడం సంగతి చెప్తాను. 1929లో అమెరికాలో బర్ దంపతులు కొవ్వు లేని తిండి పెట్టిన ఎలుకలకు చర్మం పొలుసులు లేచింది, అవి నీళ్లూ ఎక్కువ తాగాయి. ఆ లోటు తీర్చేది లినోలియిక్ ఆమ్లమని తర్వాత తేలింది. అది మన నూనెలో బాగానే ఉంది కాబట్టి తినండి. కానీ అందులో ఆ వంకర తోక ఓలియిక్ పాలు అంతకన్నా ఎక్కువ, అందుకే పూతకు వద్దంటాను. పగిలిన కాలికి నేనైతే వ్యాసలీనే ఇస్తాను. రాత్రి కాళ్లు నానబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే పూయమంటాను. తోలు మరీ మందమైతే యూరియా క్రీము. చేలో చల్లే యూరియానా అని నవ్వుతారు. పదార్థం అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ ఆ క్రీము ఉంది.

జేఎన్‌టీయూ వారి నూనెల, ఔషధాల పరిశోధన సంస్థ అనంతపురంలోనే ఉంది. కూలి కాళ్లకు సరిపడే చవక లేపనం తయారుచేయడానికి అంతకన్నా తగిన చోటేది? అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఉపాధి పనుల దగ్గర ఉండే ప్రథమ చికిత్స పెట్టెలో దూది, అయోడిన్ పక్కన వ్యాసలీన్ డబ్బా ఒకటి పెట్టించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మందుల ఇండెంటులో యూరియా క్రీమును చేర్చండి. ఈసారి చెనిక్కాయ పెరికే లోపే.